సేద్యమున జీవము, శక్తి: కొన్ని పదముల వివరణ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రైతులు వరి, గోగు, చోడి, అపరాలు, జీడిమామిడి పండించుచున్నారు. నేడు వారి చేతికి వచ్చు పొట్లములపైనను, కరపత్రములలోనను క్రొత్త శాస్త్రపదములు కనిపించుచున్నవి. పదము అర్థము కానిచో ధనమును, అదనును రెండును నష్టమగును. కావున ముఖ్యమైన కొన్నింటిని ఇచట వివరింప దలచితిమి.

పరభాషా పదమని జంకవలసిన పని లేదు. ‘రైతు’, ‘ఖరీఫ్’, ‘రబీ’ అనునవి అరబ్బీ మూలముగల మాటలే. ఖరీఫ్ అనగా శరత్తు, రబీ అనగా వసంతము. వాడుకచే అవి మన సొంతమైనవి.

నత్రజని స్థాపన: గాలిలో సుమారు 78 శాతము నత్రజని యున్నను, పైరు దానిని నేరుగా గ్రహింపజాలదు. మినుము, పెసర వేళ్ల బుడిపెలలో నివసించు రైజోబియం అను సూక్ష్మజీవి దానిని పైరునకు పనికివచ్చు రూపమునకు మార్చును. మన తీరపు ఇసుక నేలలలోని సరుగుడు వేళ్లయందు ఫ్రాంకియా అను మరియొక సూక్ష్మజీవి ఇట్టి పనినే చేయును.

జీవన ఎరువు: ఇట్టి సూక్ష్మజీవులను పెంచి నింపిన పొట్లమిది. ఇందున్నది ప్రాణమున్న సరకు. ఎండలో నుంచినచో జీవులు నశించును. పొట్లము మాత్రము చూచుటకు మునుపటివలెనే యుండును. గడువు తేదీని చూచి, నీడపట్టున భద్రపరచవలెను.

జీవవాయువు: పేడను సమానమైన నీటితో కలిపి, గాలి చొరని తొట్టిలో పులియనిచ్చిన వెలువడు వాయువు ఇది. ఇందు సగమునకు మించి మీథేన్ ఉండును. పేడను పిడకలుగా కాల్చినచో అందలి నత్రజని పొగతో పోవును. తొట్టి పద్ధతిలో పొయ్యికి మంటయు, మిగిలిన మడ్డి రూపమున పొలమునకు ఎరువును లభించును. 1984లో రూపొందిన దీనబంధు నమూనా ఈ తొట్టి ఖర్చును తగ్గించినది.

జీవద్రవ్యము: ధాన్యపు ఊక, గోగు పుల్లలు, జీడిపిక్కల పెంకు మొదలగునవి. వీనిని కాల్చిన వెలువడు బొగ్గుపులుసు వాయువు, మొక్క పెరుగునపుడు గాలినుండి గ్రహించినదే. అయినను నరికినచోట తిరిగి నాటినపుడే చెట్టు పునరుత్పాదక ఇంధనమగును.

సౌర పంపు: ఫలకములు సూర్యకాంతిని విద్యుత్తుగా మార్చి మోటారును నడుపును. 2019లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన పీఎం-కుసుమ్ పథకము వీనికి సాయమొసగినది. ఇచట నొక హెచ్చరిక అవసరము. ఎండ తరుగదు గాని బావి తరుగును. ఖర్చు లేని శక్తి యని నీటిని మితిమీరి తోడరాదు.

ఈ పదములు పరీక్షాపత్రముతో ముగియరాదు. సెలవులకు ఇండ్లకు వెళ్లునపుడు విద్యార్థులు పొట్లముపై నున్నదానిని పెద్దలకు తెలుగులోనో, ఉర్దూలోనో చదివి వివరింతురు గాక. మన చదువునకు పొలమున కలుగు తొలి ప్రయోజనము అదియే.