డిగ్రీ చదువులో పది నెలల పని

చీమకుర్తిలో ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ చెప్పులు వేసుకుంటున్న సమయంలో ఒక తల్లి మమ్మల్ని ఆపింది. "అయ్యా, మా పిల్లను ఒంగోల్లో బీకాం చదివిస్తున్నాం. సెలవులు ఇచ్చారు గదా, ఇంటిపట్టున ఉంటుందనుకుంటే, ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి కాయితాలు రాసుకురమ్మన్నారంట. ఇదేం చదువయ్యా? దానికి మార్కులు కూడానంట!" అని అడిగింది. పక్కనున్న ఇద్దరు ముగ్గురు తండ్రులూ తలలూపారు.

ఆ రోజు మేము సరైన జవాబు చెప్పలేకపోయాం. "కాలేజీవాళ్ళు ఊరికే చెప్పరు కదమ్మా" అని తప్పించుకున్నాం. మన సంఘాల్లో డిగ్రీ చదివే పిల్లలున్న ఇళ్ళు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఆ ఇళ్ళలో తల్లిదండ్రులు ఎక్కువమంది డిగ్రీ గడప తొక్కనివారు. వాళ్ళకు అర్థమయ్యేలా ఈ సంగతి చెప్పవలసిన బాధ్యత మా మీద ఉందనిపించి ఇది రాస్తున్నాం.

మన రాష్ట్రంలో డిగ్రీ చదువు 2020-21 విద్యా సంవత్సరం నుంచి మారింది. రాష్ట్ర ఉన్నత విద్యామండలి పాఠ్యప్రణాళికను తిరగరాసి, మూడేళ్ళ డిగ్రీలో పది నెలల పని అనుభవాన్ని తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది అయ్యాక వేసవిలో రెండు నెలలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, అంటే ఊరి మధ్యకు వెళ్ళి చేసే పని. రెండో ఏడాది అయ్యాక రెండు నెలలు ఏదైనా సంస్థలో ఇంటర్న్‌షిప్. మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం, అంటే ఆరు నెలలు, పూర్తిగా పనిచోటే. 2023-24లో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చినప్పుడు సబ్జెక్టుల అమరిక మారింది గానీ ఈ పని అనుభవం పోలేదు. ఇలాంటి నియమాలు ఏటా కొంత సవరిస్తుంటారు కాబట్టి, మీ పిల్లల బ్యాచ్‌కు ఏది వర్తిస్తుందో కాలేజీలోనే కనుక్కోవడం మంచిది. ప్రకాశం జిల్లా కాలేజీలు ఇదివరకు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం కింద ఉండేవి. ఒంగోలులో 2022లో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దాని కిందికి వచ్చాయి. కాబట్టి సందేహం ఉంటే తీర్చుకోవడానికి గుంటూరు దాకా పోనక్కర్లేదు, ఒంగోలు బస్సెక్కితే చాలు.

ఈ పది నెలలతో పాటు తరగతిలోనే చెప్పే చిన్న కోర్సులు కొన్ని ఉంటాయి. మన పిల్లలు వీటిని 'రెండు క్రెడిట్ల పేపర్లు' అని చిన్నచూపు చూస్తుంటారు. 2020 ప్రణాళికలో వీటికి లైఫ్ స్కిల్ కోర్సులు, స్కిల్ డెవలప్‌మెంట్ కోర్సులు అని పేర్లు పెట్టారు. మొదటి రకంలో మానవ విలువలు, వృత్తి నీతి, కంప్యూటర్ వాడకం, ఆరోగ్యం, పరిశుభ్రత వంటివి ఉన్నాయి. రెండో రకంలో విద్యుత్ పరికరాల మరమ్మతు, సౌరశక్తి, నర్సరీ మొక్కల పెంపకం, పాడి, కోళ్ళ పెంపకం, ఆహార కల్తీ గుర్తింపు, బీమా, సర్వే చేసి నివేదిక రాయడం, పత్రికా రచన, వ్యవసాయ మార్కెటింగ్ వంటివి ఉన్నాయి. జాబితా పెద్దదే గానీ, అందులో ఏది బోధిస్తారన్నది ఆ కాలేజీలో ఏ అధ్యాపకులు ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. చాలాచోట్ల పిల్లలకు ఎంచుకునే వీలు పేరుకే. ఇది మాకు నచ్చని సంగతి. చుట్టూ మిరప, పత్తి, పొగాకు పండే జిల్లాలో వ్యవసాయ మార్కెటింగ్ కోర్సు కావాలని పది మంది పిల్లలు కలిసి అడిగితే ప్రిన్సిపాల్ గారు కాదంటారని మేము అనుకోం. ఎవరూ అడగకపోవడమే అసలు ఇబ్బంది.

ఇక ఆ తల్లి అడిగిన ప్రశ్నకు వద్దాం. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు మొత్తం 180 గంటల పని. ఉన్నత విద్యామండలి దాన్ని వారాలుగా విడదీసింది. మొదటి వారం ఇల్లిల్లూ తిరిగి ఊరి పరిస్థితి తెలుసుకోవాలి. రెండో వారం తాము చూసిన సమస్యల మీద ఊరివాళ్ళకు అవగాహన కలిగించాలి. తర్వాత మూడు వారాలు ఒక సమస్యను పట్టుకుని ఊరివాళ్ళతో కలిసి పనిచేయాలి. చివరి వారం నివేదిక రాయాలి. రోజూ ఏం చేశారో లాగ్ బుక్కులో రాసుకోవాలి, దాన్ని అధ్యాపకుడు చూడాలి. మార్కులు నివేదికకే కాదు, లాగ్ బుక్కుకూ, చేసిన పనికీ, చివర్లో నిలబడి దాన్ని వివరించడానికీ ఉంటాయి.

తెలియని ఇంటి తలుపు తట్టి, కోపగించకుండా మాట్లాడించి, అవతలివాళ్ళు చెప్పింది తప్పుల్లేకుండా రాసుకుని, నలభై ఇళ్ళ మాటల్లోంచి ఒక లెక్క తేల్చడం ఏ పుస్తకంలోనూ దొరికే విద్య కాదు. బ్యాంకు ఉద్యోగికీ, ఆరోగ్య కార్యకర్తకూ, బీమా ఏజెంటుకూ, విలేకరికీ రోజూ కావలసింది ఇదే. మన సంఘాల్లో పరిచర్య చేసేవాళ్ళకు కూడా కావలసిందే కదా!

సర్వేకు ఏం పట్టుకోవాలి అంటే మన ప్రాంతంలో విషయాలకు కొరత లేదు. కనిగిరి, దర్శి వైపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువన్నది పాత సమస్య. భారత ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా అనుమతిస్తారు. కెమిస్ట్రీ చదివే పిల్లలు ఊళ్ళో బోర్ల నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళి కాలేజీ ప్రయోగశాలలో పరీక్షించి, ఏ బోరు నీళ్ళు వంటకు వాడవచ్చో, ఏవి బట్టలుతకడానికే పనికొస్తాయో పంచాయతీ గోడ మీద రాస్తే అంతకంటే పనికొచ్చే ప్రాజెక్టు ఏముంటుంది?

చీమకుర్తి అనగానే అందరికీ గుర్తొచ్చేది రాయి. నల్లని రాతిలో బంగారు రవ్వల్లా మెరిసే గెలాక్సీ గ్రానైట్ ఇక్కడి రామతీర్థం చుట్టుపక్కల క్వారీల నుంచే దేశదేశాలకు వెళుతోంది. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ, భూగర్భ శాస్త్రం దీన్ని గాబ్రో జాతి రాయి అంటుంది. ఆ మెరుపులు బ్రాంజైట్ అనే ఖనిజానివి. ఇలాంటి రాయి పక్కన పుట్టి పెరిగిన పిల్లలు ఇంటర్న్‌షిప్ కోసం ఎక్కడికో హైదరాబాదుకు దారి వెతుక్కోవడం మాకు వింతగానే ఉంటుంది.

ఉదాహరణకు బీకాం విద్యార్థిని ఒక క్వారీ ఆఫీసులో రెండు నెలలు కూర్చుందనుకుందాం. ఒక బ్లాకు మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, మీటరున్నర ఎత్తు ఉంది. లెక్క ప్రకారం 9 క్యూబిక్ మీటర్లు. కానీ కొనేవాడు అంచుల్లో వంకర టింకరలు ఉంటాయని ప్రతి కొలతలోనూ కొంత తగ్గిస్తాడు. ఎంత తగ్గించాలన్నది బేరాన్ని బట్టి ఉంటుంది. ప్రతి వైపూ ఐదు సెంటీమీటర్లు తగ్గించారనుకుంటే బ్లాకు 8.34 క్యూబిక్ మీటర్లకు దిగుతుంది. చూడడానికి ఐదు సెంటీమీటర్లే, పోయింది మాత్రం దాదాపు రెండు టన్నుల రాయి విలువ. తరగతిలో ఘనపరిమాణం లెక్క తొమ్మిదో క్లాసులోనే వచ్చేస్తుంది. ఆ లెక్క వెనుక డబ్బు ఉందని తెలిసేది మాత్రం టేపు పట్టుకుని రాయి పక్కన నిలబడ్డప్పుడే.

తర్వాత గనుల శాఖకు రాయల్టీ కట్టడం, లారీ కదిలేముందు పర్మిట్, ఈ-వే బిల్లు తీయడం, ఎగుమతి అయితే ఓడరేవు దాకా వెళ్ళే కాగితాలు తయారుచేయడం. కోసి పాలిష్ పట్టని బ్లాకుకు పన్ను పుస్తకంలో 2516 అనే కోడ్, పాలిష్ పట్టిన స్లాబుకు 6802. కొండ ఒకటే అయినా కోడ్ మారితే పన్ను మారుతుంది. కోడ్ తప్పు వేస్తే సరుకు ఎక్కడో ఆగిపోతుంది. ఇవన్నీ రెండు నెలల్లో పూర్తిగా రావు. కానీ ఎవరిని ఏం అడగాలో తెలుస్తుంది. కొత్తగా ఉద్యోగానికి వెళ్ళిన పిల్లకు అదే పెద్ద ఆస్తి.

సైన్సు చదివేవాళ్ళకు వేరే పని ఉంది. రాతి దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు ప్రభుత్వానికి తప్పక తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో ఉంది. దుమ్ములోని స్వేచ్ఛా సిలికా దీనికి కారణం. గాబ్రోలో అది మామూలు గ్రానైట్‌లో కంటే తక్కువ. అయినా పాలిషింగ్ యూనిట్లలోకి బయటి రాళ్ళు కూడా వస్తాయి కదా. ఏ యూనిట్‌లో నీళ్ళు పోస్తూ కోస్తున్నారు, ఎక్కడ పొడిగా కోస్తున్నారు, ఎంతమంది మూతికి గుడ్డ కట్టుకుంటున్నారు, ఎంతమందికి ఎప్పుడైనా ఎక్స్‌రే తీశారు అని అడిగి రాసుకుంటే అది గొప్ప సర్వే. ఆ పనివాళ్ళలో ఎందరో వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళతో మాట్లాడాలంటే కొంచెం హిందీ కూడా నేర్చుకోవాలి.

ఇప్పుడు బాధ కలిగించే సంగతి చెప్పాలి. మాకు తెలిసిన ఒక కుర్రవాడు ప్రాజెక్టు నివేదికను ఒక జిరాక్స్ షాపులో కొన్నాడు. ఊరి పేరు మార్చి, తన పేరు వేసుకుని, స్పైరల్ బైండింగ్ చేయించి ఇచ్చాడు. మార్కులు కూడా వచ్చాయి. నివేదికలో అతని ఊళ్ళో చెరువు ఉందని రాసి ఉంది. వాళ్ళ ఊళ్ళో చెరువే లేదు! నవ్వొచ్చే మాటే, కానీ అతను తర్వాత ఒక ఉద్యోగం ఇంటర్వ్యూకు వెళ్ళినప్పుడు, "మీ ప్రాజెక్టు గురించి చెప్పండి" అన్న మొదటి ప్రశ్నకే నోరు పెగల్లేదట. ఆ సంగతి మాతో చెబుతూ తల దించుకున్నాడు. తప్పు అతనొక్కడిదే అని మేము అనం. సెలవుల్లో కూలికి వెళ్ళి వచ్చే ఏడాది ఖర్చులకు కూడబెట్టుకునే పిల్లవాడతను. రెండు నెలలు జీతం లేకుండా తిరగమంటే ఆ ఇల్లు గడిచేదెలా? ఇంటర్న్‌షిప్‌కు చోటు చూపించేవాళ్ళు లేక, బస్సు ఛార్జీలు లేక సర్టిఫికెట్ మాత్రం సంపాదించుకునే పిల్లలు చాలామంది ఉన్నారు. నియమం రాసినవాళ్ళు ఈ ఇళ్ళను ఇంకొంచెం తలచుకోవలసింది.

చేతిపని తెలిసిన చదువు ఎంత పనికొస్తుందో ఒంగోలు ప్రాంతపు సంఘాలకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1876-78 కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి పని చూపించారు. ఆ ధైర్యం ఆయనకు ఎలా వచ్చిందంటే, అమెరికాలో ఆయన మిషనరీ కాకముందు భూమి కొలిచే సర్వేయరుగా పనిచేశారు. గొలుసు పట్టి నేల కొలవడం, మట్టి పని లెక్క కట్టడం ఆయనకు ముందే వచ్చు. బైబిలు పాఠశాలలో చదివింది మాత్రమే తెలిసినవాడైతే ఆ కాంట్రాక్టు జోలికి పోయేవారు కాదేమో.

సంఘాలు ఏం చేయవచ్చునంటే, పెద్ద ఖర్చులేమీ అక్కర్లేదు. మన మధ్య పాలిషింగ్ యూనిట్‌లో అకౌంట్లు రాసేవారున్నారు, మందుల షాపు నడిపేవారున్నారు, పొగాకు వేలం కేంద్రానికి వెళ్ళివచ్చే రైతులున్నారు, నర్సులున్నారు, పంచాయతీ కార్యాలయంలో పనిచేసేవారున్నారు. ఏప్రిల్ నెలలోనే ఒక ఆదివారం డిగ్రీ పిల్లల పేర్లు, వాళ్ళు చదివే గ్రూపులు రాసుకుని, ఎవరు ఎవరిని తమ పనిచోటికి తీసుకువెళ్ళగలరో చూసుకుంటే చాలు. ఆడపిల్లలను సర్వేకు పంపేటప్పుడు ఇద్దరిద్దరుగా పంపడం, పొద్దు పోకముందే ఇల్లు చేరేలా చూడడం, తొలి రెండు రోజులు సంఘంలోని ఒక అమ్మగారు వెంట వెళ్ళడం మంచిది. పేద ఇంటి పిల్లకు ఆ రెండు నెలల బస్సు పాసు డబ్బులు సంఘం పెట్టుకోగలదు. లాగ్ బుక్కులో సంతకం అడిగితే మాత్రం, చేసిన పనికే చేయండి. పిల్లవాడి మీద జాలితో చేయని పనికి సంతకం చేస్తే అతనికి మేలు చేసినట్టు కాదు.

ఆ తల్లి కూతురు సర్వేకు వెళ్ళింది. తన వీధితో మొదలుపెట్టి నలభై రెండు ఇళ్ళు తిరిగింది. రాయి పాలిష్ పట్టీ పట్టీ వేలిముద్రలు అరిగిపోయి, మిషను మీద వేలు పెడితే పడక, రేషనుకూ పింఛనుకూ తిప్పలు పడుతున్నవాళ్ళు మూడు ఇళ్ళలో కనిపించారట. వాళ్ళ కోసం సచివాలయానికి ఎన్నిసార్లు తిరిగిందో లాగ్ బుక్కులో తారీఖులతో సహా రాసుకుంది. మొన్న మేము వెళ్ళినప్పుడు ఆ పుస్తకం తెచ్చి చూపించింది. తల్లి మాత్రం పక్కన నిలబడి, "అయ్యా, వచ్చే వేసవికి దీన్ని ఏదైనా గ్రానైట్ ఆఫీసులో పెట్టించాలంట. మీకు తెలిసినవాళ్ళు ఎవరన్నా ఉండారా?" అని అడిగింది.