అంపైరు చూడని ఆటలో మర్యాద

గోల్ఫ్ అంటే డబ్బున్నవాళ్ల ఆట, మనకెందుకులే అనుకునేదాన్ని నేనూ. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మన అదితి అశోక్ ఒక్క దెబ్బ తేడాతో పతకం చేజారి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ అమ్మాయి బ్యాగు మోసుకుంటూ వెంట నడిచింది కన్నతల్లే అని తెలిసి, ఈ ఆట సంగతేమిటో చూద్దామనిపించింది. చూశాక ఆటకంటే అందులోని మర్యాదలే నాకు నచ్చాయి.

ఒకరు బంతి కొట్టబోతుంటే పక్కవాళ్లు మాట్లాడకూడదు, కదలకూడదు. బంతి దారి తప్పి మనుషులవైపు వెళితే మాత్రం మొహమాటపడకుండా 'ఫోర్' అని గట్టిగా అరవాలి. గుంట దగ్గరి నున్నటి పచ్చికమీద ఎదుటివాళ్ల బంతి వెళ్లే దారి తొక్కకూడదు. వాకిట్లో ముగ్గు తొక్కకుండా పక్కనుంచి వెళతామే, అలాగన్నమాట! ఇసుక గుంటలోంచి బంతి కొట్టాక తన అడుగుల గుర్తులు చెరిపి, ఇసుక సర్ది మరీ రావాలి. చుట్టాలింట్లో పడుకున్న పక్క మనమే మడిచిపెట్టి వచ్చినట్టు. బంతి కనబడకపోతే వెనకవాళ్లని గంటలకొద్దీ నిలబెట్టకూడదు. వెతకడానికి మూడే నిమిషాలు. 2019కి ముందు అయిదు ఉండేవి. ఆ ఏడు నియమాలు తిరగరాసినప్పుడు, ఆటగాళ్ల నడవడికను మొదటి నియమంలోనే చేర్చారు.

అసలు గొప్ప మర్యాద ఇంకొకటుంది. ప్రతి దెబ్బకీ పక్కన అంపైరు ఉండడు. ఎవరి తప్పు వాళ్లే చెప్పుకోవాలి. ఎన్ని తక్కువ దెబ్బల్లో ముగిస్తే వాళ్లదే గెలుపు కదా! 1925 అమెరికా ఓపెన్ పోటీలో బాబీ జోన్స్ కొట్టబోతుండగా గడ్డిలో బంతి కాస్త కదిలింది. ఇంకెవరూ చూడలేదు. అయినా ఆయనే చెప్పి, తన లెక్కలో ఒక దెబ్బ కలిపించుకున్నారు. చివరికి ఇద్దరి స్కోర్లు సమానమై, మళ్లీ ఆడించగా ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయారు. ఆ దెబ్బ కలుపుకోకపోతే కప్పు ఆయనదే!

ఇది తెలిశాక నాకు మావాడి చిన్నతనం గుర్తొచ్చింది. అష్టాచెమ్మాలో ఎవరూ చూడకుండా గవ్వ తిప్పేస్తే, 'ఎంత తెలివో' అని మురిసిపోయేదాన్ని. అప్పుడే 'వద్దు నాన్నా, మళ్లీ వెయ్యి' అని ఉండాల్సింది. మన ఇళ్లలో గోల్ఫ్ లేకపోవచ్చు, అష్టాచెమ్మా ఉంది, కేరమ్ బోర్డు ఉంది. ఓడినా సరే నిజం చెప్పిన పిల్లాణ్ణి ఆ పూట మెచ్చుకుని చూడండి. గెలిచినవాడికి పెట్టే మిఠాయి వాడికీ ఒకటి పెట్టండి. ఏమంటారు?