హక్కులు – బాధ్యతలు



ప్రాథమిక హక్కుల పాఠాన్ని మనమంతా మార్కుల కోసం బట్టీ పట్టినవాళ్లమే. అది మన బతుకు పాఠమని నాకు హాస్టల్ వదిలాకే తెలిసింది. మీకు ముందే తెలియాలని ఈ నాలుగు మాటలు.

మానవ హక్కులు ఎవరో దయతలచి ఇచ్చేవి కావు, మనిషిగా పుట్టినందుకు ఉండేవి. 1948 డిసెంబర్ 10న ఐక్యరాజ్యసమితి ప్రకటించింది ఇదే. ఆ ప్రకటన మొదటి అధికరణంలో 'పురుషులందరూ' అని అర్థం వచ్చే మాటను తీయించి 'మానవులందరూ' అని పెట్టించింది మన దేశ ప్రతినిధి హంసా మెహతా.

మన రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. ప్రభుత్వ నిధులతో నడిచే బావులు, చెరువులు వాడుకోకుండా కులం పేరుతో ఎవరినీ అడ్డుకోరాదని 15వ అధికరణం చెప్పింది. అయినా 1985లో కారంచేడులో ఏం జరిగింది? దళితులు మంచినీళ్లు తెచ్చుకునే చెరువు దగ్గర గేదెలను కడగవద్దన్న కుర్రాణ్ణి కొట్టారు. నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్తమ్మ అడ్డుపడి, తన మీదికి వచ్చినవాళ్లపై బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, దళితవాడపై దాడి చేసి ఆరుగురిని చంపారు. ఆ తర్వాత సాగిన ఉద్యమంలోంచి దళిత మహాసభ పుట్టింది. ఇలాంటి దారుణాల వల్లే 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది.

ఒక్కటి గమనించండి. సువార్తమ్మ ఆ రోజు నిలబడింది దెబ్బలు తింటున్న మరొకరి కోసం. నా కోసం అడగడం హక్కు, పక్కవాడి కోసం అడగడం బాధ్యత.

మన హాస్టల్ కూడా భిక్ష కాదు. బలహీన వర్గాల చదువును ప్రభుత్వం ప్రత్యేక శ్రద్ధతో చూడాలని 46వ అధికరణం చెబుతోంది. మెనూ ప్రకారం పెట్టకపోతే అడగడం మన హక్కు. అన్నం పారేయకపోవడం, కుళాయి కట్టేయడం, తోటివాణ్ణి కులం పేరుతో ఎగతాళి చేయకపోవడం మన బాధ్యత.

చివరగా మన నూజివీడు సంగతి. వేసవి వస్తే తోటల్లో రసాలు, బంగినపల్లి కోతలు. ఇంట్లో అప్పు ఉంటే సెలవుల్లో పనికి వెళ్లిన పిల్లవాడు జూన్‌లో తిరిగి రాకపోవచ్చు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువు హక్కని 2009 చట్టం చెబుతోంది. 2016 సవరణ తర్వాత 14 ఏళ్ల లోపు పిల్లలను ఏ కూలి పనిలోనూ పెట్టుకోకూడదు. బడి లేని వేళ సొంత ఇంటి పనిలో సాయపడవచ్చు, అంతే.

కాబట్టి తమ్ముళ్లారా, హాస్టల్ తెరిచిన రోజు మీ గదిలో ఎవరి ట్రంకు పెట్టె రాలేదో చూడండి. వార్డెన్ గారికి చెప్పండి. అవసరమైతే 1098కు ఫోన్ చేయండి. ఆ పెట్టె తిరిగి వస్తే ఈ పాఠం మీకు వచ్చినట్టే.