కొత్త హై-ఎండ్ పీసీకి ర్యామ్ స్పీడు ఎంత పెట్టాలి? సీఎల్30 కి అదనంగా డబ్బు పెట్టొచ్చా?

ఈ ఎపిసోడ్‌లో ర్యామ్ గురించి. ఎన్ని జీబీ అన్నది కాదు, దాని స్పీడు, టైమింగ్స్ గురించి మాట్లాడుకుందాం. లక్షన్నర, రెండు లక్షలు పెట్టి మెషీన్ కట్టించుకునేవాళ్ళు ప్రాసెసర్ దగ్గర, గ్రాఫిక్స్ కార్డు దగ్గర చకచకా తేల్చేస్తున్నారు. ర్యామ్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతున్నారు. 6000 తీసుకోవాలా, 6400 నా, 8000 నా? సీఎల్30 అంటే ఏంటి, సీఎల్36 అంటే ఏంటి? అవనిగడ్డ నుంచి ఒక తమ్ముడు ఇంజనీరింగ్ చదువుతున్నాడట, "అన్నా, పెద్ద నంబర్ మంచిదా, చిన్న నంబర్ మంచిదా, అదొక్కటి చెప్పు" అన్నాడు. స్పీడు పెద్దది మంచిది, టైమింగ్ చిన్నది మంచిది. కానీ రెంటినీ విడివిడిగా చూస్తే మోసపోతాం.

పైగా ఇప్పుడు రోజులు వేరు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎలా ఎగిరాయో కొన్నవాళ్ళకి తెలుసు. ఏఐ డేటా సెంటర్లు తయారైన మెమరీని తయారైనట్టే లాగేసుకుంటున్నాయి. 2025 డిసెంబర్‌లో మైక్రాన్ కంపెనీ తన క్రూషల్ బ్రాండుతో మనలాంటి వాళ్ళకి అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నానని చెప్పేసింది. కాబట్టి బెజవాడలో కొన్నా, సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, డబ్బాల మీద నంబర్ చూసి ఐదారు వేలు ఎక్కువ పెట్టే ముందు ఆ నంబర్ మనకేం ఇస్తుందో తెలియాలి కదా.

మనం డెల్టా వాళ్ళం, కాలువ లెక్కలో చెప్తాను. ప్రకాశం బ్యారేజీ దగ్గర ఇన్ని వేల క్యూసెక్కులు వదిలారు అని పేపర్లో వేస్తారు. అది ర్యామ్ స్పీడు లాంటిది, సెకనుకి ఎంత పారుతోంది అన్నది. దివిసీమలో శివారు ఆయకట్టు రైతుకి ఆ అంకెతో పనేముంది? లాకులు ఎత్తాక నా చేలోకి నీళ్ళు ఎప్పుడొస్తాయి అన్నదే ఆయన ప్రశ్న. అది లేటెన్సీ. కాలువ ఎంత వెడల్పున్నా, మొదటి నీళ్ళు రావడానికి పట్టే టైము వేరే లెక్క.

ఇప్పుడు అంకెల్లోకి వద్దాం. డీడీఆర్5-6000 అంటే సెకనుకి 600 కోట్ల ట్రాన్స్‌ఫర్లు. డీడీఆర్ అంటేనే ఒక క్లాకుకి రెండు సార్లు పంపడం, కాబట్టి అసలు క్లాకు 3000 మెగాహెర్ట్జ్. (సీపీయూ-జెడ్‌లో 3000 కనబడగానే "సగం స్పీడే ఇచ్చారు" అని షాపు వాడి మీదికి వెళ్ళకండి, అది కరెక్టే.) ఒక క్లాకు అంటే నానోసెకనులో మూడో వంతు. సీఎల్30 అంటే 30 క్లాకులు ఆగాలి, అంటే 10 నానోసెకన్లు. గుర్తుపెట్టుకోవడానికి సులువైన లెక్క: సీఎల్‌ని 2000 తో గుణించి స్పీడుతో భాగించండి. 6000 సీఎల్36 కి 12 నానోసెకన్లు. 6400 సీఎల్32 కి మళ్ళీ 10. 8000 సీఎల్40 కీ 10. మీ పాత మెషీన్‌లో ఉన్న డీడీఆర్4-3200 సీఎల్16 కి ఎంతో తెలుసా? అదీ 10. జనరేషన్ మారినా, డబ్బు మారినా మొదటి నీళ్ళు వచ్చే టైము అలాగే ఉంది. మారింది కాలువ వెడల్పు.

అయితే సీఎల్ ఒక్కటే చూడటం సగం లెక్కే. కిట్ మీద నాలుగు అంకెలుంటాయి, 30-38-38-96 అని. మన బందరు కలెక్టరేట్ రికార్డు రూమ్‌లో పాత అడంగల్ కావాలని అడిగాం అనుకోండి. రికార్డు కీపర్ టేబుల్ మీద అప్పటికే ఆ ఊరి కట్ట విప్పి ఉంటే, పేజీ తిప్పి చూపించడమే. ఆ టైము సీఎల్. కట్ట ఇంకా విప్పలేదు అంటే ముందు తెచ్చి విప్పాలి, అది టీఆర్‌సీడీ, అంటే రెండో అంకె. టేబుల్ మీద వేరే ఊరి కట్ట పరిచి ఉంటే? దాన్ని కట్టి లోపల పెట్టి, అప్పుడు మనది తేవాలి. ఆ కట్టి పెట్టే టైము టీఆర్‌పీ, మూడో అంకె. మెమరీలో కూడా ఒక బ్యాంకులో ఒకసారికి ఒక్క వరసే తెరుచుకుంటుంది. నాలుగోది టీఆర్ఏఎస్, విప్పిన కట్టని కనీసం ఎంతసేపు విప్పి ఉంచాలి అన్నది. కొనేటప్పుడు దాని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

ఇప్పుడు షాపులో రెండు కిట్లు ఉన్నాయి. రెండూ 6000. ఒకటి 30-38-38-96, ఇంకోటి 36-36-36-96. మొదటిది ఖరీదు. కట్ట విప్పి ఉన్నప్పుడు మొదటిది 10 నానోసెకన్లు, రెండోది 12. సరే, తేడా ఉంది. వేరే కట్ట పరిచి ఉన్నప్పుడు మూడూ కూడాలి. మొదటిది 30, 38, 38 కలిపి 106 క్లాకులు, 35.3 నానోసెకన్లు. రెండోది 108 క్లాకులు, 36 నానోసెకన్లు. తేడా ముప్పాతిక నానోసెకను కూడా లేదు! పైగా ప్రాసెసర్ లోపల ప్రయాణం అంతా కలిపి కొలిస్తే మొత్తం లేటెన్సీ 70 నానోసెకన్ల చుట్టుపక్కల ఉంటుంది. అందులో ఈ తేడా ఎంత? ధర ఒక వెయ్యి అటూ ఇటూ అయితే సీఎల్30 తీసుకోండి, దాంట్లో సాధారణంగా మంచి చిప్పులు పడతాయి, ఎక్కువగా హైనిక్స్‌వి. అంతకంటే ఎక్కువ తేడా ఉంటే 36 తో హాయిగా ఉండండి, ఆ డబ్బు ఎస్ఎస్‌డీ మీద పెట్టండి. నా మాట ఇదే.

అసలు నష్టం ఎక్కడో చెప్తాను. బయాస్‌లో ఏమీ ముట్టుకోకుండా వదిలేస్తే 6000 కిట్ కూడా చాలాసార్లు 4800 లోనే నడుస్తుంది. 40-39-39 అనుకోండి, ఇందాకటి లెక్కలో దాదాపు 49 నానోసెకన్లు. 30 కీ 36 కీ మధ్య కొట్టుకున్నవాళ్ళు ఎక్స్‌పో ఆన్ చేయకుండా 13, 14 నానోసెకన్లు అక్కడ పారేస్తున్నారు. అలాంటి మెషీన్లు ఈ ఏడాదిలోనే నాలుగైదు చూశాను. ఒక్క ఆప్షన్ అండీ, ఏఎమ్‌డీ బోర్డుల్లో ఎక్స్‌పో, ఇంటెల్ బోర్డుల్లో ఎక్స్ఎంపీ.

మరి 8000 ఎందుకు వద్దు? రైజెన్ 7000, 9000 సిరీస్‌లో మెమరీ కంట్రోలర్ 6000 దగ్గర మెమరీతో సమానంగా, ఒకటికి ఒకటిగా 3000 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంది. మంచి చిప్పు పడితే 6400 వరకు అలా లాగొచ్చు. ఆ పైన సాధారణంగా సగానికి పడిపోతుంది. 8000 కిట్ పెడితే కంట్రోలర్ 2000 లో నడుస్తుంది. అక్కడ ఇంకో తూము కూడా ఉంది. 6000 లో రెండు ఛానెళ్ళు కలిపి సెకనుకి 96 జీబీ పారుతుంది. కానీ 9800ఎక్స్3డీ లాంటి ఒకే సీసీడీ ఉన్న ప్రాసెసర్‌లోకి వెళ్ళే దారి, ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ అంటారు, 2000 మెగాహెర్ట్జ్‌లో సెకనుకి 64 జీబీ మాత్రమే చదవగలదు. కాలువ తవ్వి వెడల్పు చేశారు, తూము మాత్రం పాతదే. అందుకే ఏఎమ్‌డీ వాళ్ళే 2022 లో 6000 ని సరైన చోటు అని చెప్పారు. పైగా ఎక్స్3డీ చిప్పుల్లో క్యాష్ పెద్దది కాబట్టి ర్యామ్ వైపు వెళ్ళే అవసరమే తక్కువ. గేమింగ్ కోసం ఎక్స్3డీ తీసుకుని దానికి ఖరీదైన 8000 కిట్ పెట్టడం పట్టుచీర మీద స్వెట్టర్ లాంటిది. ఇంటెల్ సంగతి కొంచెం వేరు, కోర్ అల్ట్రా 200ఎస్ లో క్లాక్ డ్రైవర్ ఉన్న సీయూడిమ్ ర్యామ్‌తో 6400 అధికారికంగానే ఇస్తారు, పైకి వెళ్ళినా కొంత లాభం కనబడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. గుడివాడలో పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసే ఒకాయన మెషీన్ తెచ్చారు. పదిసార్లు రెండర్ పెడితే ఒకసారి మధ్యలో ఆగిపోతోంది. ఒక ఫైల్‌లో అయితే అక్కడక్కడా పచ్చ గళ్ళు. విండోస్ రెండుసార్లు మళ్ళీ వేశారు, గ్రాఫిక్స్ కార్డుని తిట్టుకున్నారు. తెరిచి చూస్తే 16 జీబీ స్టిక్కులు నాలుగు. రెండు ముందు కొన్నవి, రెండు తర్వాత కొన్నవి, ఎక్స్‌పో 6000 ఆన్‌లో ఉంది. రైజెన్ 9 9950ఎక్స్ కి ఏఎమ్‌డీ హామీ ఇచ్చేది ఎంతో తెలుసా? రెండు స్టిక్కులకి 5600, నాలుగైతే 3600. నాలుగు పెట్టి 6000 అడగడం అంటే మన అదృష్టం మీద ఆధారపడటమే. మెమ్‌టెస్ట్ పెట్టిన అరగంటలో ఎర్రర్లు. కొత్త కిట్ ధర చూసి ఆయన వెనక్కి తగ్గారు. అవే స్టిక్కులని 4800 కి దించి రాత్రంతా టెస్టులో ఉంచాం, ఒక్క ఎర్రర్ లేదు. రెండర్‌కి కొంచెం టైము పెరిగింది, అంతే.

ఇక్కడ మీరు గమనించాల్సింది ఒకటుంది. గేమ్ క్రాష్ అయితే మళ్ళీ ఆడుకుంటాం. కెమెరా కార్డు నుంచి హార్డ్ డిస్క్‌లోకి కాపీ అయ్యేది కూడా ర్యామ్ మీదుగానే వెళ్తుంది. ర్యామ్ తప్పు చేస్తే ఫైల్ తప్పుగానే సేవ్ అవుతుంది, కంప్యూటర్ ఏమీ అనదు. కార్డు ఫార్మాట్ చేసేశాక తెలిస్తే, ఆ తాళి కట్టే ఘట్టం మళ్ళీ ఎవరు తీస్తారు? డీడీఆర్5 లో ఈసీసీ ఉందంట కదా అంటారు. ఉంది, కానీ అది చిప్పు లోపల తప్పుల్ని మాత్రమే దిద్దుతుంది, చిప్పుకీ ప్రాసెసర్‌కీ మధ్య దారిలో జరిగేదాన్ని కాదు. కాబట్టి పని మెషీన్‌కి 64 జీబీ కావాలంటే 32 వి రెండు, 96 కావాలంటే 48 వి రెండు. ఒకే డబ్బాలో వచ్చిన జత. ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో స్లాటు, నాలుగో స్లాటు.

ఇక మన వాతావరణం. యూట్యూబ్‌లో చూసి టీఆర్ఈఎఫ్ఐ ని 65535 పెట్టేస్తున్నారు కుర్రాళ్ళు. మెమరీ గదుల్లో ఛార్జి కారిపోతూ ఉంటుంది, మళ్ళీ మళ్ళీ నింపుతూ ఉండాలి. మామూలుగా 3.9 మైక్రోసెకన్లకి ఒకసారి, 6000 స్పీడులో అయితే 11,700 క్లాకులు. 16 గిగాబిట్ చిప్పుల్లో ఒక్కో నింపుడుకి 295 నానోసెకన్లు, అంటే నూటికి ఏడున్నర వంతు టైము దానికే పోతుంది. 65535 అంటే దాదాపు 22 మైక్రోసెకన్లకి ఒకసారి. లాభం నిజమే, బెంచ్‌మార్కులో కనబడుతుంది. కానీ వేడి పెరిగేకొద్దీ ఛార్జి త్వరగా కారిపోతుంది. 85 డిగ్రీలు దాటితే రెట్టింపు సార్లు నింపాలని స్టాండర్డ్‌లోనే ఉంది. ఆ వీడియో తీసినాయన ఏ చలి దేశంలోనో ఉంటాడు. మనకి రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయి. సంక్రాంతికి పాసైన సెట్టింగు మే నెలలో, ఏసీ లేని గదిలో, గ్రాఫిక్స్ కార్డు వేడిగాలి స్టిక్కుల మీదికి కొడుతుంటే నిలవదు. అందుకే బందరులో కట్టే మెషీన్లకి నేను దాన్ని ఆటోలోనే ఉంచుతాను. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫోలో స్టిక్కు ఉష్ణోగ్రత చూపిస్తుంది, మధ్యాహ్నం రెండింటికి చూడండి, తెల్లవారుజామున కాదు.

సముద్రపు ఉప్పుగాలి గురించి కూడా అడిగారు. స్టిక్కు కాళ్ళ మీద ఉండేది బంగారు పూతే, మన చిలకలపూడి సరుకులాగా పైపూత. దాన్ని ఎరేజర్‌తో పదేపదే రుద్దకండి, ఆ పూతే పోతుంది.

సెట్ చేసే పద్ధతి. ముందు బయాస్ అప్‌డేట్, అదీ యూపీఎస్ మీద. మధ్యలో కరెంటు పోతే బోర్డుకే ప్రమాదం. తర్వాత ఎక్స్‌పో ఆన్ చేసి సేవ్ చేయండి. మొదటిసారి స్క్రీన్ నల్లగా కొన్ని నిమిషాలు ఉంటుంది, 64 జీబీకి ఇంకా ఎక్కువ. అది మెమరీ ట్రైనింగ్. చచ్చిపోయిందని స్విచ్ తీసేయకండి. లోపలికి వెళ్ళాక యూక్లాక్, ఎమ్‌క్లాక్ సమానంగా ఉన్నాయో లేదో జెన్‌టైమింగ్స్‌లో చూడండి. ఎస్ఓసీ వోల్టేజీ 1.3 దాటకూడదు. 2023 లో కొన్ని ఎక్స్3డీ చిప్పులు కాలిపోయాక ఏఎమ్‌డీనే ఆ హద్దు పెట్టింది, పాత బయాస్‌తో ఉండొద్దనేది అందుకే. ఇంకో మాట, ఎక్స్‌పో అయినా ఎక్స్ఎంపీ అయినా కంపెనీల లెక్కలో ఓవర్‌క్లాకింగే, వారంటీ షరతులు చదువుకోండి.

ఆ తర్వాత మెమ్‌టెస్ట్86 ఒక రాత్రి, మర్నాడు మధ్యాహ్నం ఎండవేళ విండోస్‌లో వై-క్రంచర్ గానీ ఓసీసీటీ గానీ ఒక గంట. ఎర్రర్ ఒక్కటి వచ్చినా "ఒక్కటే కదా" అనుకోవద్దు. ఒక్కొక్క టైమింగూ కెలుకుతూ కూర్చోకుండా, అవే టైమింగ్స్ ఉంచి స్పీడు 5600 కి దించి మళ్ళీ టెస్ట్ చేయండి. 5600 సీఎల్30 అంటే 10.7 నానోసెకన్లు, అంటే మీరు వదులుకున్నది 0.7. అక్కడా ఎర్రర్ వస్తే స్టిక్కులు ఒక్కొక్కటిగా పెట్టి టెస్ట్ చేసి, తప్పు చూపించినదాన్ని బిల్లుతో సహా షాపుకి తీసుకెళ్ళండి.