కుంట నీరు ఎండకు పోయిందా, చిల్లుకు పోయిందా?

సంక్రాంతి నాటికి నిండుగా కనిపించిన కుంట ఉగాది నాటికి అడుగంటితే ఇంటిల్లిపాదికీ దిగులు పుడుతుంది. "ఎండ తాగేసింది" అని పెద్దలు నిట్టూరుస్తారు. అందులో ఎండ తాగినదెంత, అడుగున ఉన్న చిల్లు తాగినదెంత అనే లెక్క మాత్రం చూసేవారు తక్కువ. ఆ లెక్క చూడనందువల్లనే వేలెడు చిరుగు ఒక్కొక్కసారి నిలువునా పంటను ఎండబెడుతుంది.

సరిహద్దు గ్రామాలలో ఈ కుంటకు పేర్లు అనేకం. పావగడ, బాగేపల్లి ప్రాంతాలలో కృషి హొండ అంటారు. హోసూరు, కృష్ణగిరి వైపు పణ్ణైక్కుట్టై అంటారు. మరాఠీ సీమలో శేత్‌తళే. తెలుగులో పంట కుంట లేదా సేద్యపు కుంట. కర్ణాటకలో 2014లో ఆరంభమైన కృషి భాగ్య పథకం, మహారాష్ట్రలో 2016లో వచ్చిన శేత్‌తళే పథకం ఇటువంటి కుంటల తవ్వకానికి ఊతమిచ్చాయి. గరప నేలలలోను, ఇసుక పాలు ఎక్కువగా ఉన్న ఎర్ర నేలలలోను నీరు నిలువదు కనుక లోపల ప్లాస్టిక్ షీటు పరుస్తారు. సాధారణంగా వాడే షీటు మందం 500 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు. ఒక వేసవి సేద్యం ఆ అర మిల్లీమీటరు మీద ఆధారపడి ఉంటుంది.

బకెట్టు చెప్పే సాక్ష్యం

ముందుగా తేల్చవలసినది నీరు ఎటు పోతున్నదన్న సంగతి. పొడి మండలాలలో వేసవి ఎండకు కుంట నీరు రోజుకు 5 నుండి 10 మిల్లీమీటర్ల వరకు ఆవిరి కావచ్చును. అది సహజం. అంతకు మించినది ఎక్కడికి పోయిందో వెదకాలి.

దీనికి ఒక బకెట్టు చాలు. బకెట్టులో బరువుకు ఒక రాయి వేసి, కుంట నీటినే పోసి, అంచు మాత్రం పైకి ఉండేటట్లు గట్టు పక్కన నీటిలో నిలిపి తాడుతో కట్టాలి. బకెట్టు లోపలి నీటిమట్టానికి ఒక గుర్తు, బయట కుంట మట్టానికి ఒక గుర్తు పెట్టాలి. ఇరవై నాలుగు గంటలు మోటారు వేయరాదు. పశువులను నీటికి తోలరాదు. మరునాడు అదే వేళకు రెండు మట్టాలూ కొలవాలి. రెండూ సమానంగా తగ్గితే అది ఎండ పని. బకెట్టులో 7 మిల్లీమీటర్లు తగ్గి, కుంటలో 30 మిల్లీమీటర్లు తగ్గితే మిగిలిన 23 మిల్లీమీటర్లు చిల్లు పాలైనట్లు. నీటి పైభాగం 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న కుంటలో ఆ 23 మిల్లీమీటర్లంటే రోజుకు 9,200 లీటర్లు.

చిల్లును వెదకడం

గట్టు వెలుపలి వైపు ముందు చూడాలి. చుట్టూ ఎండిపోయి ఒకచోట మాత్రం గడ్డి పచ్చగా ఉన్నా, నేల చెమ్మగా ఉన్నా ఆ వైపు అనుమానించాలి. తరువాత నీటిమట్టాన్ని రోజూ గుర్తు పెట్టుకుంటూ రావాలి. చిల్లు పక్క వాలులో ఉంటే మట్టం ఆ ఎత్తు వరకు వేగంగా తగ్గి, అక్కడి నుండి ఎండకు తగ్గినంతే తగ్గుతుంది. అప్పుడు నీటి అంచుకు కొంచెం పైన కుంట చుట్టూ పరిశీలిస్తే సరిపోతుంది. వేగం ఎక్కడా తగ్గకుంటే లోపం అడుగున ఉన్నదని భావించాలి.

చిరుగులకు అలవాటైన చోట్లు కొన్ని ఉన్నాయి. షీట్లు కలిపిన అతుకులు, నాలుగు మూలలు, నీరు వచ్చే గొట్టం నోరు, ఫుట్ వాల్వు ఆనే చోటు, మేకలు దిగిన జాడలు, గట్టులో ఎలుక బొరియలు ఉన్న వైపు. చేతికి అందే చోట అనుమానం కలిగితే సూది తీసిన సిరంజితో మిఠాయి రంగు నీటిని అక్కడ మెల్లగా వదలాలి. చిల్లు ఉంటే రంగు దారంలా సాగి అందులోకి పోతుంది.

ఏ షీటుకు ఏ అతుకు

ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే. ఇళ్లలో ఈత కొలనులకు వేసే వినైల్ షీటు పీవీసీ జాతిది. పంట కుంటలలో అధికంగా కనిపించేది హెచ్‌డీపీఈ, అనగా పాలిథిన్ జాతిది. మొదటిది జిగురుకు లొంగుతుంది. రెండవదానిపై పీవీసీ గొట్టాల జిగురు గానీ, సైకిలు ట్యూబు పంచరు జిగురు గానీ నిలువదు. అతికినట్లే కనిపించి కొద్ది రోజులకు పొరలా ఊడివస్తుంది.

తేడా కనుగొనడం తేలిక. గట్టు మీద మట్టిలో పాతిన అంచు నుండి గోరంత ముక్క కత్తిరించి, సబ్బు నీటితో కడిగి, గాలి బుడగలు అంటుకోకుండా నీటిలో ముంచి వదలాలి. పాలిథిన్ తేలుతుంది, పీవీసీ మునుగుతుంది.

ఏ షీటైనా నీటిమట్టాన్ని చిరుగుకు ఒక అడుగు కిందికి దించాలి. తోడిన నీటిని పైరుకు పారిస్తే వృథా కాదు. చిరుగు కింద మట్టి కోసుకుపోయి గుంట పడి ఉంటుంది. రాళ్లు లేని జల్లించిన మట్టితో దానిని నింపి అదమాలి. ఇది చేయకుండా అతుకు వేస్తే నీటి బరువుకు అదే చోట మళ్లీ చిరుగుతుంది. ఆ తరువాత పాచి, ఒండ్రు కడిగి, షీటును పూర్తిగా ఆరబెట్టాలి. అతుకు ముక్క అదే రకం షీటుది కావాలి. చిరుగుకు అన్ని వైపులా 10 నుండి 15 సెంటీమీటర్లు మించి ఉండాలి. మూలలు గుండ్రంగా కత్తిరించాలి. మొనదేలిన మూల ముందుగా లేస్తుంది.

పీవీసీ అయితే తగిన జిగురు రెండు వైపులా పూసి, నడుమ నుండి అంచులకు ఒత్తి, ఇసుక సంచి బరువు పెట్టి ఒక రోజు వదలాలి. ఆ జిగురు ఆవిరి తేలికగా అంటుకుంటుంది కనుక దగ్గర బీడీ, అగ్గి ఉండరాదు. పాలిథిన్ అయితే వేడిగాలి యంత్రంతో కరిగించి అతికించడమే నమ్మదగిన పద్ధతి. షీటు పరచే పనివారి వద్ద ఆ యంత్రం ఉంటుంది. వారు వచ్చే వరకు బ్యూటైల్ టేపు తాత్కాలికంగా పనికి వస్తుంది. కొవ్వొత్తి మంటతో అంటించబోతే చిన్న చిల్లు పెద్దదవుతుంది.

నీటి కంటె విలువైనది

పాచి పట్టిన షీటు వాలు మీద కాలు నిలువదు. ఈత వచ్చినవాడు కూడా పట్టు దొరకక గట్టు ఎక్కలేకపోవచ్చును. పిల్లలు జారిపడి ప్రాణాలు కోల్పోయిన ఉదంతాలు అనేక ప్రాంతాలలో జరిగాయి. కనుక మరమ్మతుకు ఎవరూ ఒంటరిగా దిగరాదు. గట్టు మీద బలమైన గుంజకు కట్టిన ముడుల తాడు, గాలి నింపిన లారీ ట్యూబు సిద్ధంగా ఉండాలి. కుంట చుట్టూ కంచె వేస్తే మేకల గిట్టల నుండి షీటుకు, నీటి నుండి పిల్లలకు ఏకకాలంలో రక్షణ కలుగుతుంది.

తొలకరికి ముందు, నీరు అట్టడుగున ఉన్న రోజులే షీటు చూసుకోవడానికి అనువైన కాలం. ఒక పూట చుట్టూ తిరిగి అతుకులు, మూలలు, గొట్టం నోరు పరిశీలిస్తే రాబోయే వాన నీరు కుంటలోనే నిలుస్తుంది.