చోటు దొరికాకే బండి

అమెరికాలో ఆర్‌వీగా పిలిచే రిక్రియేషనల్ వెహికల్ పడకలు, వంటగట్టు, ఫ్రిజ్, స్నానాల గది, మరుగుదొడ్డి, వాటికి కావలసిన నీటి ట్యాంకులు, గ్యాస్ సిలిండరు అన్నీ ఒకే బండిలో అమర్చిన కదిలే ఇల్లు. ఈ తరహా వాహనాలలో తొలినాటిదిగా చెప్పే పియర్స్ యారో కంపెనీ టూరింగ్ ల్యాండో 1910లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ప్రదర్శనకు వచ్చింది. 1962లో మోంటానా రాష్ట్రపు బిల్లింగ్స్‌లో మొదలైన కేఓఏ సంస్థ, ఈ బండ్లను రాత్రిపూట నిలుపుకొనే ప్రైవేటు విడుదులను దేశమంతటా విస్తరించింది. నూరేళ్లు దాటిన ఈ చరిత్ర పొడుగునా ఆర్‌వీని అంటిపెట్టుకొని ఉన్న పేరు స్వేచ్ఛ. నచ్చినచోట ఆగవచ్చు, నచ్చినప్పుడు కదలవచ్చు అన్నదే దాన్ని అమ్మేవారూ అద్దెకిచ్చేవారూ చెప్పే మాట. జూలై నెలలో, రాకీ పర్వతాలలో, నాలుగు రోజుల ముందు అనుకొని బయలుదేరే కుటుంబం విషయంలో ఈ మాట నమ్మదగినది కాదు.

టెక్సస్‌లోని డాలస్, హ్యూస్టన్ నగరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ పరిస్థితి కొత్తది కాదు. నడివేసవి ఎండ వంద డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతున్నప్పుడు, ఆఫీసులో సెలవు ఆలస్యంగా ఖాయమైనప్పుడు, ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రుల తిరుగు ప్రయాణం దగ్గరపడినప్పుడు కొలరాడో కొండలు గుర్తుకు వస్తాయి. వెంటనే బండి అద్దెకు దొరుకుతుందా అని వెతకడం మొదలవుతుంది. పొరపాటు జరిగేది సరిగ్గా ఇక్కడే, ఎందుకంటే బండి దొరకడం సాధారణంగా అంత కష్టం కాదు. క్రూయిజ్ అమెరికా వంటి అద్దె సంస్థలు, సొంత బండ్లను ఇతరులకు అద్దెకిచ్చేవారిని కలిపే ఔట్‌డోర్సీ, ఆర్‌వీషేర్ వంటి వేదికలు ఉన్నాయి. కష్టమైనది ఆ బండిని రాత్రికి నిలిపే చోటు. ఆరు నెలల ముందు ఏర్పాట్లు చేసుకొనేవారు బండి, దారి, చోటు అనే వరుసలో నిర్ణయించుకున్నా నష్టం లేదు గాని, వారం కూడా వ్యవధి లేనివారు ఆ వరుసను తిరగేసి, ముందు చోటు, ఆ చోటుకు సరిపడే బండి, ఆ బండిని పోనిచ్చే దారి అన్నట్టుగా వెళ్లవలసి ఉంటుంది.

జాతీయ ఉద్యానవనాలలోనూ జాతీయ అడవులలోనూ ఉన్న క్యాంప్‌గ్రౌండ్లు, అంటే గుడారాలకూ ఆర్‌వీలకూ విడివిడి స్థలాలు గీసి ఉంచిన విడిది ప్రాంగణాలు, అనేకం రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ ద్వారా కేటాయింపబడతాయి. పేరున్న స్థలాలు సాధారణంగా ఆరు నెలల ముందే తెరుచుకొని, వేసవి వారాంతాలకైతే చూస్తుండగానే నిండిపోతాయి. అయితే రద్దు నిబంధనను గమనించినవారికి అందులో ఒక సందు కనిపిస్తుంది. బుకింగ్ రద్దు చేసుకుంటే పది డాలర్లు పోతాయి. చేరవలసిన రోజునో దాని ముందురోజునో రద్దు చేస్తే మొదటి రాత్రి అద్దె కూడా పోతుంది. కాబట్టి రాలేమని తేల్చుకున్నవారు ఆ గడువు దాటకముందే చోటు వదులుకోవడం సహజం. బయలుదేరడానికి రెండు మూడు రోజుల ముందు, తెల్లవారుజామునా రాత్రి పొద్దుపోయాకా ఆ వెబ్‌సైట్‌ను చూస్తుండటం, ఖాళీ ఏర్పడితే కబురు పంపే సదుపాయాన్ని పెట్టుకోవడం ఆలస్యంగా మేలుకొన్నవారికి ఉన్న మంచి ఉపాయం. ఆదివారం రాత్రి నుంచి బుధవారం రాత్రి వరకు ఉండగలిగితే అవకాశాలు మరింత పెరుగుతాయి.

అక్కడ దొరకకపోతే కొలరాడో రాష్ట్ర ఉద్యానవనాలున్నాయి. వాటిలో ఖాళీ ఉంటే అదే రోజుకు కూడా చోటు తీసుకోవచ్చు. ముందు వచ్చినవారికి ముందు అన్న పద్ధతిలో నడిచే అటవీ క్యాంప్‌గ్రౌండ్లు కొన్ని ఉన్నా, శుక్రవారం సాయంత్రం పిల్లలతో, పెద్దలతో చేరుకొని అదృష్టాన్ని పరీక్షించుకోవడానికి అవి తగినవి కావు. జాతీయ అడవులలో సౌకర్యాలేవీ లేనిచోట, సాధారణంగా 14 రోజుల పరిమితికి లోబడి, రుసుము లేకుండా బండి నిలుపుకోవచ్చు. బూన్‌డాకింగ్ అని పిలిచే ఈ పద్ధతిని కొందరు గొప్పగా చెబుతారు కాని, గతుకుల మట్టిదారిలో అద్దె బండిని దింపడం చాలా ఒప్పందాలకు విరుద్ధం. తొలిసారి ఆర్‌వీ నడిపే కుటుంబం దాని జోలికి పోకపోవడమే మంచిది. డబ్బు కొంచెం ఎక్కువైనా కేఓఏ వంటి ప్రైవేటు విడిదే అటువంటివారికి తగినది.

చోటు ఖాయమయ్యాక దాని పొడవు చూడాలి, ఎందుకంటే ప్రతి స్థలానికీ ఇంత పొడవు బండి మాత్రమే పడుతుందన్న పరిమితి రాసి ఉంటుంది. ఆర్‌వీలలో బస్సంత ఉండేవి ఏ తరగతి, వ్యానును మార్చి కట్టినవి బీ తరగతి, వ్యాను లేదా చిన్న ట్రక్కు చట్రం మీద పెట్టె కట్టి, డ్రైవరు తలపైన అదనపు పడక అమర్చినవి సీ తరగతి. అద్దెకు ఎక్కువగా దొరికేదీ, ఐదారుగురు పడుకోవడానికి వీలైనదీ సీ తరగతే. మామూలు కారు లైసెన్సుతోనే దాన్ని నడపవచ్చు. ఇరవై ఐదు అడుగుల బండి చాలనుకొనే చోట ముప్ఫై అడుగులది తీసుకోవడం వల్ల లోపల కలిగే సుఖం కన్నా బయట కలిగే ఇబ్బంది ఎక్కువ. కొలరాడోలోని రాకీ మౌంటెన్ జాతీయ ఉద్యానవనంలో, పైకి ఎక్కడానికి మాత్రమే అనుమతించే మట్టిబాట అయిన ఓల్డ్ ఫాల్ రివర్ రోడ్డు మీదికి 25 అడుగులు దాటిన వాహనాలను అనుమతించరు. మోంటానాలోని గ్లేసియర్ ఉద్యానవనంలో ప్రసిద్ధమైన గోయింగ్ టు ది సన్ రోడ్డు కొండభాగంలో ఈ పరిమితి 21 అడుగులే కనుక సీ తరగతి బండ్లు చాలావరకు అక్కడ ఆగిపోతాయి. రాకీ మౌంటెన్‌లోనే, ఎస్టెస్ పార్క్ ఊరి నుంచి గ్రాండ్ లేక్ ఊరి వైపు సాగే ట్రెయిల్ రిడ్జ్ రోడ్డుకు ఇటువంటి చిక్కు లేదు. 48 మైళ్ల ఈ దారి 12,183 అడుగుల ఎత్తుకు ఎక్కి దిగుతుంది. మంచు కారణంగా శీతాకాలమంతా మూసివేసి సాధారణంగా మే నెలాఖరుకు తెరుస్తారు. జూన్‌లోనూ ఒక మంచుతుపాను దాన్ని మూయగలదు. వాతావరణ సూచనలు మూడు నాలుగు రోజుల ముందు మాత్రమే నమ్మదగినంత కచ్చితంగా ఉంటాయి కాబట్టి, ఆలస్యంగా నిర్ణయించుకొనేవారికి ముందుచూపుగలవారికి లేని ఒక సౌలభ్యం ఇక్కడ కలిసివస్తుంది. కార్చిచ్చు పొగ ఏ లోయను కమ్మిందో చూసి మరీ దిక్కు మార్చుకోవచ్చు.

బండిని ఎక్కడ తీసుకోవాలన్న ప్రశ్నకు లెక్కే సమాధానం. డాలస్ నుంచి డెన్వర్ దాదాపు 800 మైళ్లు. సీ తరగతి బండి గ్యాలను పెట్రోలుకు ఎనిమిది నుంచి పది మైళ్లు మాత్రమే ఇస్తుంది కాబట్టి ఒకవైపుకే ఎనభై నుంచి నూరు గ్యాలన్ల వరకు ఖర్చవుతుంది. దానిపై మైలుకింత అనే అద్దె, రెండు రోజుల కాలం కలుస్తాయి. విమానంలో గాని, సొంత కారులో గాని డెన్వర్ చేరి అక్కడ బండి తీసుకోవడం మేలు. ఉద్యానవన ప్రవేశం సంగతి వేరు: ఇటీవలి వేసవులలో రాకీ మౌంటెన్‌లోకి వెళ్లడానికి నిర్ణీత సమయపు అనుమతిపత్రం అవసరమవుతోంది, వాటిలో కొంతభాగాన్ని ముందురోజు సాయంత్రం ఏడు గంటలకు విడుదల చేయడం ఆలస్యంగా వచ్చేవారికి ఊరట. 2026 జనవరి నుంచి ఈ ఉద్యానవనంతో సహా 11 చోట్ల, అమెరికా నివాసులు కాని 16 ఏళ్లు నిండినవారు వార్షిక పాసు లేకపోతే మనిషికి వంద డాలర్ల అదనపు రుసుము చెల్లించాలి. విజిటర్ వీసాపై వచ్చిన తల్లిదండ్రులను తీసుకువెళ్లేవారు దీన్ని ముందే ఖర్చులో వేసుకోవాలి.

కొండదారిలో ఆర్‌వీని నడపడంలో ఎక్కడం కన్నా దిగడం కష్టం. ఆరేడు శాతం వాలు, అంటే నూరడుగుల దూరానికి ఆరేడు అడుగుల దిగుడు, ఉన్న దారిలో ఐదారు టన్నుల బండిని బ్రేకు మీదనే కాలు ఉంచి ఆపుతూ వస్తే, రాపిడి వేడికి బ్రేకుల పట్టు సడలిపోతుంది. అందుకే దిగుడు మొదలుకాకముందే కింది గేరులోకి గాని, టో హాల్ అనే మీటను నొక్కి గాని, ఇంజనే బండిని వెనక్కి పట్టేటట్టు చేయాలి. వెనుక కార్లు బారుకడితే పక్కకు తీయడానికి విడిచిన చోట ఆగి వాటికి దారి ఇవ్వాలి. బండి ఎత్తు విషయంలో అజాగ్రత్త వల్ల జరిగే నష్టాలు మరీ సామాన్యం. ఏసీ పెట్టెతో కలిపి బండి పదకొండు, పన్నెండు అడుగులు ఉంటుంది. చెట్టుకొమ్మకో, ఫలహారశాల ముందు బండ్ల దారిపై ఉన్న కప్పుకో తగిలి బండి పైకప్పు చిరిగితే ఆ ఖర్చును చాలా బీమాలు భరించవు. ఎత్తు అంకెను కాగితంపై రాసి స్టీరింగు ఎదుట అతికించుకోవడం అనుభవజ్ఞుల అలవాటు.

కొండల ఎత్తు ప్రభావం యంత్రాల కన్నా వంటపై ముందు కనిపిస్తుంది. సముద్రమట్టంలో నూరు డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగే నీరు, 7,500 అడుగుల పైన ఉన్న ఎస్టెస్ పార్క్ ప్రాంతంలో 92 డిగ్రీలకే మరుగుతుంది. గిన్నెలో అన్నం గాని కందిపప్పు గాని ఎంతసేపు ఉడికించినా ఆ వేడిని దాటదు కనుక, అన్నం పలుకుగా మిగులుతుంది, పప్పు మెత్తబడదు. తెలుగు కుటుంబం సామానులో ప్రెషర్ కుక్కరు ఉంటే ఈ సమస్య దాదాపు తీరినట్టే. దాని బరువు బయటి గాలి ఒత్తిడిపై మరో పదిహేను పౌండ్ల ఒత్తిడిని కలుపుతుంది కాబట్టి లోపలి వేడి 117 డిగ్రీల దాకా పోతుంది. ఇంటి దగ్గరకన్నా ఒకటి రెండు విజిల్స్ ఎక్కువ రానిస్తే సరిపోతుంది. ఎండుమిర్చి పోపు మాత్రం బండి లోపల పెట్టడం మంచిది కాదు, ఆ ఇరుకులో పొగ అలారం మోగక మానదు. బయట బల్లపై చిన్న గ్యాస్ పొయ్యి పెట్టుకొని వండుకోవచ్చు. అయితే వండిన వెంటనే గిన్నెలు, ఆవకాయ సీసా, చెత్తసంచి సహా వాసన వచ్చే ప్రతిదీ బండిలోనో, అక్కడ అమర్చిన ఇనుప పెట్టెలోనో మూసి పెట్టాలి, ఎందుకంటే కొలరాడోలో నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి.

మనుషులకూ ఇదే ఎత్తు పరీక్ష పెడుతుంది. ట్రెయిల్ రిడ్జ్ శిఖరభాగంలో గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులకు కొంచెం తక్కువ. ఎనిమిది వేల అడుగులు దాటాక తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం వంటి లక్షణాలు రావచ్చు. చేరిన మొదటి రాత్రి డెన్వర్‌లోనే గడిపి, రెండవ రోజు మధ్య ఎత్తుకు, మూడవ రోజు పైకి వెళ్లడం మంచి వరుస. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న పెద్దలకు వైద్యుని మాట ముందు తీసుకోవాలి. మధ్యాహ్నం దాటితే కొండలపై ఉరుములు, మెరుపులు సాధారణం కనుక చెట్లు లేని ఎత్తుల నుంచి పన్నెండు గంటలలోపే దిగిరావాలి.

చోటులో హుకప్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి బండిలో జీవితం మారిపోతుంది. హుకప్ అంటే విడిదిలో కరెంటు, నీరు, మురుగు గొట్టం బండికి తగిలించుకొనే ఏర్పాటు. సీ తరగతి బండి సాధారణంగా 30 ఆంపియర్లది. నూటఇరవై వోల్టుల దగ్గర అది 3,600 వాట్లు మాత్రమే కాబట్టి ఏసీ, మైక్రోవేవ్, ఇండక్షన్ స్టవ్ మూడూ ఒకేసారి వేస్తే బ్రేకరు పడిపోయి కరెంటు పోతుంది. హుకప్ లేకపోతే జనరేటరు ఆధారం, దాన్ని రాత్రి వేళల్లో నడపనివ్వరు. మంచినీటి ట్యాంకు సాధారణంగా నలభై గ్యాలన్ల దరిదాపు కనుక నలుగురు ఐదైదు నిమిషాలు స్నానం చేస్తే దాదాపు ఖాళీ అవుతుంది. జాతీయ ఉద్యానవనాల క్యాంప్‌గ్రౌండ్లలో చాలావాటికి స్నానాల గదులే ఉండవు. అందువల్ల మూడు రాత్రులలో ఒకటి హుకప్ ఉన్న ప్రైవేటు విడిదిలో గడిపితే ఇంట్లో తగాదాలు తగ్గుతాయి.

వంటగిన్నెలు కడిగిన నీరు, స్నానం నీరు చేరేది గ్రే ట్యాంకు, మరుగుదొడ్డిది బ్లాక్ ట్యాంకు. డంప్ స్టేషన్ అనే చోట ముందు బ్లాక్, ఆ తరువాత గ్రే వదలాలి. రెండవది మొదటిదాని గొట్టాన్ని కడుగుతుంది. చేతితొడుగులు అద్దె సామానుతో పాటు రాకపోవచ్చు, కొనుక్కోవాలి. ట్యాంకులు ఖాళీ చేయకుండా, పెట్రోలు, వంటగ్యాస్ నింపకుండా బండి అప్పగిస్తే అద్దె సంస్థ వేసే రుసుము అసలు ఖర్చుకు కొన్ని రెట్లు ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం కొండల నుంచి డెన్వర్ వచ్చే ఐ-70 రహదారి తరచు కదలకుండా నిలిచిపోతుంది కనుక, ఆ దారిన వచ్చేవారు బండి అప్పగించే సమయాన్ని సోమవారం ఉదయానికి పెట్టుకొని, అద్దె ఒప్పందంలో మొదటే ఆ రోజును రాయించుకోవడం మేలు.