రాజ్యలక్ష్మమ్మగారి సంతానము

కుటుంబచరిత్ర యనగనే వంశవృక్షమును గీయుట మనకు పరిపాటి. కందుకూరి వీరేశలింగము పంతులుగారి వంశవృక్షమును గీయుడని నేనొకమారు ఎం.ఏ. విద్యార్థులను కోరితిని. వారందరును ఆ దంపతుల పేర్లక్రింద నొక గీత గీచి యచ్చటనే నిలిచిపోయిరి. ఆ దంపతులకు సంతానము లేని మాట నిజమే. అయినను రాజమహేంద్రవరమున ఆ యింట తలదాచుకొని, అన్నముతిని, చదువు నేర్చిన బాలవితంతువులు పలువురు. వారిని లెక్కింపని వంశవృక్షము రాజ్యలక్ష్మమ్మగారి కుటుంబచరిత్ర కానేరదు.

ఆమె 1851లో జన్మించెను. పుట్టినింటివారు పెట్టిన పేరు బాపమ్మ. రాజ్యలక్ష్మి యనునది మెట్టినింట వచ్చిన పేరు. పెండ్లినాటికి ఆమెయు బాలికయే, పంతులుగారును బాలుడే. అందు విశేషమేమియు లేదు. ఆ కాలపు బ్రాహ్మణగృహములలో నది సామాన్యము.

విశేషము 1881 డిసెంబరు 11వ తేదీన జరిగినది. ఆనాడు పంతులుగారి యింట గోగులపాటి శ్రీరాములుగారికిని, బాలవితంతువగు గౌరమ్మకును వివాహము జరిగెను. ఊరు వెలివేసినది. వంటవాండ్రు మానిరి, నీళ్లు తెచ్చువారు మానిరి. వెలి యన్నమాటకు గ్రంథములలో ధర్మశాస్త్రార్థము కలదు గాని, గృహిణికి దాని యర్థము ఖాళీబిందె. రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరికి బోయి బిందెతో నీరు తెచ్చి పెండ్లివారికి వండి పెట్టిరి. భర్తను విడిచి రమ్మని బంధువులు నిర్బంధించినను ఆమె కదలలేదు. పోలీసులును విద్యార్థులును ఇంటికి కావలి కాసిన సంగతిని మన వ్యాసకర్తలు తప్పక వ్రాయుదురు. నీటిబిందెను ఒక్కవాక్యముతో ముగింతురు. నీరు లేనిదే పెండ్లి జరుగదు గదా!

ఆ కార్యభారము ఒక్కనాటితో తీరునది కాదు. 1856 నాటి 15వ చట్టము వితంతువివాహమును శాసనసమ్మతము గావించినదే గాని, పునర్వివాహమాడిన స్త్రీకి పూర్వభర్త యాస్తిపై గల హక్కును తొలగించినది. కావున వధువు తరచుగా కట్టుబట్టలతోడనే క్రొత్త కాపురమునకు రావలసియుండెను. ధనసహాయము చేయుటకు కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారివంటి దాతలు కలరు. పుట్టినింటి నెవ్వరు దానము చేయగలరు? తొలికాన్పునకు పుట్టినింటికి బోవుట మన యాచారము. పండుగకు పిలుపు, పసిబిడ్డకు స్నానము, అలిగివచ్చిన పిల్లకు నాలుగునాళ్ల విశ్రాంతి, ఇవన్నియు అచ్చటివే. వెలిపడిన వధువునకు ఆ గడప మూసికొనిపోయినది. పంతులుగారి యిల్లు ఆ లోటును తీర్పవలసివచ్చినదనియు, ఆ పని ఉపన్యాసములచే గాక గృహిణిచేతనే జరిగెననియు నా యభిప్రాయము. ఆ గృహిణియే లేకున్నచో తొలి వివాహము జరిగియుండవచ్చును. తరువాతివి జరుగుట దుర్ఘటము.

మనకు ముఖ్యాధారము 1911, 1915 సంవత్సరములలో రెండు భాగములుగా వెలువడిన పంతులుగారి స్వీయచరిత్రము. అది భర్త వ్రాసిన గ్రంథము. అందు ఉద్యమము ప్రధానము, వంటయిల్లు ప్రాసంగికము. కావున దానిని చదువు పరిశోధకుడు వివాహముల సంఖ్యతో తృప్తిపడక, ప్రతి వధువును పెండ్లికి ముందు ఎచ్చట నుండెను, పెండ్లి తరువాత ఎచ్చటికి బోయెను, కష్టకాలమున ఎవరి యింటికి మరలి వచ్చెను అని విడివిడిగా గుర్తించుకొనవలెను.

రాజ్యలక్ష్మమ్మగారు 1910లో పరమపదించిరి. పంతులుగారు మరి తొమ్మిదేండ్లు జీవించిరి. పునర్వివాహ దంపతుల సంతతివారి యిండ్లలో ఆమెను ఏ వరుసతో పిలిచెడివారో విచారించుట మంచిది. ఆ విచారణకు గౌరమ్మ కాపురమే మొదటి యిల్లు.